ఇద్దరు చిన్నపిల్లలతో ఇండోనేషియాలో బండి కొనాలా వద్దా? (చికారంగ్ నుంచి)

తణుకు_అమ్మాయి

అందరికీ నమస్కారం. మేం జకార్తా దగ్గరున్న ఫ్యాక్టరీల ఊరు చికారంగ్ వచ్చి నాలుగు నెలలైంది. మా ఆయనకి ఇక్కడ ఫ్యాక్టరీలో ఉద్యోగం, తెల్లారకుండానే కంపెనీ బస్సు ఎక్కేస్తారు. ఇంట్లో నేనూ, నాలుగేళ్ళ బాబూ, పది నెలల పాపా. బాబు బడి 3 కిలోమీటర్లు, కూరగాయల బజారు 2, పిల్లల డాక్టరు 6. ఇన్నాళ్ళూ అన్నిటికీ ఫోన్లో కారు పిలుస్తున్నాను. బడి ఏడింటికి. ఆరుంబావుకి పిలిస్తే కారు ఒక్కోరోజు వెంటనే వస్తుంది, ఒక్కోరోజు ఏడైనా రాదు. గేటు వేసేస్తే బాబు అక్కడే నిలబడి ఏడుస్తాడు.

మా వీధిలో బండి లేని ఇల్లు మాది ఒక్కటే. ఎదురింటి ఇబు (ఇక్కడ ఆడవాళ్ళని గౌరవంగా అలా పిలుస్తారు) ముందు ఒకణ్ణి నిలబెట్టుకుని, వెనక ఇద్దర్ని ఎక్కించుకుని, హ్యాండిల్‌కి రెండు సంచులు తగిలించుకుని వెళ్ళిపోతుంది. నన్ను చూసినప్పుడల్లా "మోటార్ లేకుండా ఎలాగమ్మా?" అంటుంది. తణుకులో ఎనిమిదేళ్ళు యాక్టివా నడిపాను. నడపడానికి భయం లేదు. పిల్లల్ని ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియకే ఆగాను. అత్తగారేమో "పసిదాన్ని బండెక్కించావంటే ఊరుకోను" అంటున్నారు. ఇక్కడ ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళు చెప్పండి.

సురబయ_పాతకాపు

అమ్మాయ్, ముందు చట్టం సంగతి. 2009లో వచ్చిన 22వ నంబరు రవాణా చట్టం 106వ నిబంధన ప్రకారం, పక్కన తొట్టి లేని బండి మీద నడిపేవాళ్ళు కాక ఒక్కరే ఎక్కాలి. పిల్లలకి మినహాయింపు రాయలేదు. ఇద్దరూ ఎస్‌ఎన్‌ఐ ముద్ర (ఈ దేశపు నాణ్యతా ప్రమాణం) ఉన్న హెల్మెట్ పెట్టుకోవాలి. ముగ్గురెక్కినా, హెల్మెట్ లేకపోయినా నెల జైలు లేదా 2,50,000 రూపియాల దాకా జరిమానా. పగలు కూడా హెడ్‌లైటు వెలుగుతూ ఉండాలి.

కాగితం మీద అలా ఉంది. కాలనీ సందుల్లో ఎవరూ ఆపరు. పెద్ద రోడ్డెక్కితే మాత్రం కెమెరాలున్నాయి, ఫొటో తీసి ఇంటికి పంపుతారు.

నీకు కితాస్, అంటే విదేశీయుల తాత్కాలిక నివాస కార్డు, ఉంటే సిమ్ సి, అంటే బండి లైసెన్సు, ఇస్తారు. పరీక్షకి భయపడకు. ఇదివరకు ఎనిమిది ఆకారంలో నడిపించేవారు, నేను రెండుసార్లు కాలు కింద పెట్టేశాను. 2023 ఆగస్టులో అది తీసేసి ఎస్ ఆకారం పెట్టారు. ఏటా బండి పన్నుతోబాటు 35,000 రూపియాలు జాసా రహార్జా అనే ప్రభుత్వ బీమా సంస్థకి కడతావు. రోడ్డు మీద ఇంకో బండి గుద్దితే పరిహారం ఇచ్చేది అదే. మనమే జారి పడితే రాదు, కాబట్టి వేరే ప్రమాద బీమా ఒకటి తీసుకో.

జోగ్జా_కోడలు

నాది రాజమండ్రి, మా ఆయనది జోగ్జా, అంటే జావా దీవిలోని యోగ్యకర్త. ఇక్కడికి కోడలిగా వచ్చి తొమ్మిదేళ్ళు. నేను బండి గురించి చెప్పాలంటే ముందు మా అత్తగారి గురించి చెప్పాలి.

ఆవిడకి అరవై రెండు. చదువు ఐదో తరగతి. హోండా వారియో స్కూటర్ నడుపుతుంది. పొద్దున్నే నాలుగున్నరకి బజారుకి వెళ్ళి టెంపే (సోయా గింజల ముద్ద), బచ్చలి, కొబ్బరి తెస్తుంది. ఆరున్నరకి మనవణ్ణి బడిలో దింపుతుంది. వచ్చేటప్పుడు కాళ్ళ దగ్గర ఆకుపచ్చ గ్యాసు బండ, 3 కిలోలది, పుచ్చకాయలా ఉంటుందని మెలోన్ అంటారు, అది పెట్టుకుని వస్తుంది. తాగే నీళ్ళ గాలోన్ 19 లీటర్లు, అదీ అక్కడే. సాయంత్రం తోడికోడళ్ళ ఇంట్లో ప్రార్థన ఉంటే వెనక ఇంకో ఆవిణ్ణి ఎక్కించుకుని వెళ్తుంది. మామగారు పోయాక ఆవిడ ఎవరి మీదా ఆధారపడలేదంటే ఆ బండి వల్లే. మా ఊళ్ళో అరవయ్యేళ్ళ ఆడవాళ్ళు బజారుకి వెళ్ళాలంటే కొడుకు ఖాళీ చూసుకోవాలి. ఇది చూసినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి.

ఇక్కడ మోటార్ అంటే బండే, కారుని మోబిల్ అంటారు. జనాభా 28 కోట్లు, రిజిస్టరైన మోటార్లు 12 కోట్లకు పైన. 2023 ఒక్క ఏడాదే 62 లక్షల కొత్త బండ్లు అమ్ముడయ్యాయి. హోండా బీట్ 1.9 కోట్ల రూపియాలకి అటూఇటూ, మన డబ్బులో లక్ష చిల్లర. కొంత ముందు కట్టి, మిగతాది మూడేళ్ళ వాయిదాల మీద తెచ్చుకుంటారు. కూలికెళ్ళే ఇంట్లో కూడా మొదట వచ్చే పెద్ద వస్తువు అదే.

పిల్లల్ని ఎలా తీసుకెళ్తారంటావా? పేముతో అల్లిన చిన్న కుర్చీ దొరుకుతుంది, సీటు ముందు బిగిస్తారు, రెండేళ్ళ వాళ్ళు అందులో కూర్చుంటారు. నాలుగైదేళ్ళ వాళ్ళు ముందు నిలబడతారు. చంటిపిల్లని తల్లి జారిక్ గుడ్డతో రొమ్ముకి కట్టుకుని వెనక కూర్చుంటుంది. ముగ్గురెక్కితే జావా భాషలో చెంగ్లు అంటారు. దానికో పేరుందంటే ఎంత మామూలో చూడు.

నువ్వు కొనుక్కో. ఇంట్లో కూర్చుని కారు కోసం కిటికీలోంచి చూస్తూ ఎన్నాళ్ళుంటావు?

పిల్లల_వార్డు

నేను విజయవాడలో పిల్లల వార్డులో నర్సుని. చెల్లి చికారంగ్ పక్కనే బెకాసిలో ఉండబట్టి ఈ చర్చలు చదువుతుంటాను. పైన రాసినది గౌరవంతోనే చదివాను, కానీ రెండు విషయాలు చెప్పకుండా ఉండలేను.

ముందు నిలబడిన పిల్లాడి నోరు, గడ్డం సరిగ్గా హ్యాండిల్ ఎత్తులో ఉంటాయి. గట్టిగా బ్రేకు వేస్తే వాడు వెళ్ళేది స్పీడోమీటరు మీదికి. వెనకనుంచి మన బరువంతా వాడి మీద పడుతుంది. పక్కకి పడక్కర్లేదు, స్పీడు 20 ఉన్నా చాలు. పళ్ళు లోపలికి పోయిన పిల్లల్ని, నాలుక తెగిన పిల్లల్ని నా చేతుల్తో పట్టుకున్నాను. తండ్రులు "మెల్లగానే వెళ్తున్నామమ్మా" అంటారు. అది నిజమే అయ్యుంటుంది.

రెండోది చంటిపిల్ల. పది నెలల పాప మెడ ఇంకా హెల్మెట్ బరువు మోసేది కాదు. హెల్మెట్ లేకుండా తీసుకెళ్ళకూడదు, హెల్మెట్ పెడితే మెడ ఆగదు. అంటే తీసుకెళ్ళకూడదనే. గుడ్డతో కట్టుకుంటే పాప జారిపోదు, నిజం. తల్లి పడితే మాత్రం తల్లితోబాటే, తల్లి కింద పడుతుంది.

మన దేశంలో 2022లో ఉత్తర్వు ఇచ్చి 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో పెట్టారు: నాలుగేళ్ళ లోపు పిల్లలకి నడిపేవాళ్ళతో కలిపి కట్టే బెల్టు, హెల్మెట్, 40 కిలోమీటర్లు దాటకుండా వేగం. దాన్ని నేను ఆఖరి హద్దుగా చూస్తాను, అనుమతిగా కాదు.

జోగ్జా_కోడలు

చెల్లీ, నువ్వు చూసినవి నేను చూడలేదు, కాదనను. కానీ ఎదురింటి ఇబు ఏం చేస్తుంది? మా చుట్టుపక్కల ఒకప్పుడు అంగ్‌కోత్‌లు తిరిగేవి, మన సెవన్ సీటర్ ఆటోల్లాంటివి. బండ్లు పెరిగేకొద్దీ అవి తగ్గిపోయాయి. కారు పిలిస్తే వెళ్ళిరావడానికి ఆవిడ రోజు కూలిలో సగం పోతుంది. ముగ్గుర్ని మూడుసార్లు దింపాలంటే బడి అయిపోతుంది. తప్పు తెలియక చేసేది కాదు.

పిల్లల_వార్డు

అక్కా, ఆవిణ్ణి నేను ఒక్క మాట అనలేదు, అనను. మా వార్డుకి వచ్చే వాళ్ళలోనూ కారు ఉన్నవాళ్ళు తక్కువే. నేను చెప్పింది తణుకు అమ్మాయికి. ఆవిడకి కారు పిలుచుకునే వీలుంది. ఉన్నప్పుడు పాపకి అది వాడమంటున్నాను.

జమ్మికుంట_టు_జకార్తా

నేను తూర్పు జకార్తల ఉంట, ఆఫీసు సుదిర్మాన్ రోడ్డు దిక్కు. పదేండ్లసంది బండి మీదనే. కారుంటే బేసి-సరి నంబర్ల గొడవ, ఏ దినం ఏ నంబరు నడుస్తదో చూస్కోవాలె. బండికి అది లేదు. 2014 డిసెంబర్‌ల థమ్రిన్ రోడ్డు మీదికి బండ్లు రావొద్దన్నరు. మస్తు తిరుగుడైంది మాకు. సుప్రీంకోర్టు ఆ రూలు కొట్టేసిందని 2018 జనవరిల బయటికొచ్చింది. ఆ రోజు మా పార్కింగ్ తాత అందరికీ చాయ్ పోసిండు.

ఇంకొకటి, ఇక్కడ మూడు చక్రాల ఆటోని బజాయ్ అంటరు. మన బజాజ్ బండ్లే 1970లల్ల వచ్చి ఆ పేరు నిలబడ్డది. కానీ చికారంగ్ దిక్కు అది దొరుకుతదని అనుకోకు.

అక్కా, నీకు నేను చెప్పేది రోడ్డు గురించి. కాలనీ లోపటి తొవ్వ వేరు, కలిమలాంగ్ రోడ్డు వేరు. టోల్ రోడ్డెక్కనియ్యరు బండ్లను. బాలిల సముద్రం మీది టోల్ ఒక్కటే నాకు తెల్సిన మినహాయింపు; సురబయ దగ్గరి సురమదు వంతెన మీదికి గూడ రానిస్తరు గని, 2018ల దాని టోలే తీసేసిన్రు. గందుకే పాత రోడ్ల మీదనే మనం, కంటైనర్ లారీలు, కంపెనీ బస్సులు అన్నీ పక్కపక్కన. లారీ ఎడమ దిక్కు డ్రైవర్‌కు నువ్వు కనబడవు. మలుపు దగ్గర లారీ ఎడమ ఇండికేటర్ ఏసిందంటే, ఎంత సందు ఉన్నా దూరకు. నా ముందట పోయే బండి అట్ల దూరింది. అంతకన్న రాయ.

మూడు కిలోమీటర్లు లోపటి తొవ్వనా, బయటి తొవ్వనా? ముందుగాల అది చెప్పు.

తణుకు_అమ్మాయి

అన్నా, బడికి కాలనీ లోపలినుంచే దారుంది. బజారుకి ఒక చోట పెద్ద రోడ్డు దాటాలి. డాక్టరు మాత్రం పూర్తిగా లారీల రోడ్డే.

కరవాంగ్_స్పానర్

నేను ద్విచక్ర వాహనాల విడిభాగాల పనిలో ఉన్నాను. బండి ఎంపిక గురించి రెండు మాటలు, ఆ తర్వాత నాకు జరిగింది.

ఇక్కడ రెండు రకాలు. గేరులేనివి మాటిక్. గేర్లుండి క్లచ్ లేనివి బెబెక్, అంటే బాతు. బెబెక్ తగ్గిపోతోంది. నీకు మాటిక్కే. బీట్ బరువు 90 కిలోల లోపు, యాక్టివా కన్నా తేలిక, సీటు ఎత్తు 74 సెంటీమీటర్లు, రెండు కాళ్ళూ ఆనతాయి. చక్రాలు 14 అంగుళాలు, కాబట్టి గోతుల్లో యాక్టివా కన్నా నిలకడ. పోలిసి తిదూర్ దగ్గర, అంటే 'నిద్రపోయే పోలీసు', మన స్పీడ్ బ్రేకర్, పొట్ట తగలదు. ఎన్‌మాక్స్ లాంటి పెద్దవి వద్దు. బరువు, పైగా కాళ్ళ మధ్య దిమ్మె ఉంటుంది, సంచి కూడా పెట్టలేవు.

ఇప్పుడు జరిగింది. మా వాడికి అప్పుడు మూడున్నర. ముందు నిలబెట్టుకుని వారుంగ్, అంటే చిన్న తిండి కొట్టు, దగ్గర ఆగాను, వేడి వేడి బజ్జీలు తీసుకుందామని. కొన్ని హోండా బండ్లలో ఆగిన మూడు సెకన్లకి ఇంజను దానంతటదే ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది, పెట్రోలు ఆదాకి. శబ్దం ఆగిపోయింది కదా, బండి ఆగిందనుకున్నాను. తాళం తిప్పలేదు. ఒక చేత్తో డబ్బులిస్తున్నాను. వాడు యాక్సిలరేటర్ పట్టుకుని తిప్పాడు. ఆ ఏర్పాటులో తిప్పగానే ఇంజను మళ్ళీ అందుకుంటుంది. బండి ఒక్క ఉరుకున ముందుకెళ్ళి బజ్జీల బండికి తగిలింది. కాగే నూనె మూకుడు అటువైపు ఒరిగింది. ఇటువైపు ఒరిగి ఉంటే... ఇప్పటికీ ఆ మూకుడు చప్పుడు నాకు వినిపిస్తుంది.

కాబట్టి ఆగితే తాళం తిప్పాలి. పిల్లాడు దిగాకే సంచి, డబ్బు, మాట. ఎక్కేటప్పుడు ముందు మనం, తర్వాత వాడు, ఆ తర్వాత తాళం. ఆ ఇంజను ఆగే స్విచ్ ఉంటే దాన్ని ఆపేసి పెట్టుకో. ఎడమ లివరుకి చిన్న కొక్కెం ఉంటుంది, బ్రేకు పట్టుకుని ఉండటానికి. వాలులో ఆగినప్పుడు వాడు.

జోగ్జా_కోడలు

అయ్యో. మా బండికీ అది ఉంది. ఇప్పుడే వెళ్ళి చూసి ఆపేశాను.

చీరలూ చున్నీల గురించి ఎవరూ చెప్పలేదు. మన బండ్లకి వెనక చక్రం పక్కన చీర గార్డు ఉంటుంది, అది మన చట్టంలోనే ఉంది. ఇక్కడి బండ్లకి లేదు. వచ్చిన కొత్తలో నేను అలవాటుగా పక్కకి కూర్చుని చున్నీ వదిలేశాను. చక్రంలో చుట్టుకుని మెడ దగ్గర బిగిసింది. మా ఆయన వెంటనే ఆపారు, వెనకవాళ్ళు అరిచారు. మెడ మీద గీత వారం ఉంది. అప్పటినుంచి చున్నీ రెండు చివర్లూ నడుముకి ముడి. చంటిపిల్లని కట్టుకునే గుడ్డ కొస కూడా అంతే. రెండు కాళ్ళూ అటూఇటూ వేసి కూర్చోవడం మంచిది, పంజాబీ డ్రెస్సో ప్యాంటో వేసుకో. 2013లో ఆచేలోని ల్హోక్‌సుమావే పట్టణంలో ఆడవాళ్ళు అలా కూర్చోకూడదని మేయర్ ఉత్తర్వు ఇచ్చినప్పుడు దేశమంతా గొడవైంది. పక్కకి కూర్చుంటే నిలకడ తక్కువని బండెక్కే ఏ ఆడదాన్నడిగినా చెబుతుంది.

బాలి_బాబాయ్

వాన గురించి నేను చెబుతాను తల్లీ. నవంబరు నుంచి మార్చి దాకా మధ్యాహ్నం దాటితే నమ్మకం లేదు. పోంచో అని దుప్పటిలాంటి రెయిన్‌కోటు అమ్ముతారు, చవక. దాని కింద ఇద్దరు పిల్లలు దూరిపోతారు. బయటికి నాలుగు చిన్న కాళ్ళు మాత్రం కనిపిస్తాయి. ముద్దుగా ఉంటుంది చూడటానికి. కానీ అది గాలికి తెరచాపలా ఎగురుతుంది, కొస చక్రంలో పడుతుంది, వెనక లైటుని కప్పేస్తుంది. లోపలున్న పిల్లాడికి దారి కనబడక మలుపులో మనతోబాటు ఒరగడు. చొక్కా, ప్యాంటు విడివిడిగా ఉండేది కొను. సీటు కింద ఎప్పుడూ ఉంచు.

వాన మొదలవగానే అందరూ ఫ్లైఓవర్ కింద ఆగుతారు, సగం రోడ్డు నిండిపోతుంది. అక్కడ ఆగకు, వెనకనుంచి వచ్చేవాడికి కనబడదు. ఏ కొట్టు అరుగు దగ్గరో ఆగు. ఎవరూ కాదనరు, స్టూలు కూడా వేస్తారు. నీళ్ళు నిలిచిన చోట మాటిక్‌ని దింపకు. బెల్టు తడిస్తే ఇంజను తిరుగుతుంది, చక్రం తిరగదు.

సురబయ_పాతకాపు

లెబరాన్ (రంజాన్) పండక్కి ఎవరైనా "సరదాగా బండి మీద వెళ్దాం" అంటే ఒప్పుకోకండి. ముదిక్ అంటే సొంతూరి ప్రయాణం. భార్య, ఇద్దరు పిల్లలు, వెనక కర్ర కట్టి దాని మీద అట్టపెట్టె, ఉత్తర తీరం రోడ్డు మీద 300, 400 కిలోమీటర్లు. ఉపవాసంతో, నిద్ర లేకుండా. పెట్రోలు బంకుల నేల మీద గోనెపట్టా వేసుకుని పిల్లల్ని పడుకోబెట్టిన తల్లుల్ని చూశాను. ఒకామె విసనకర్రతో పిల్లాడికి విసురుతూ కూర్చునే నిద్రపోయింది, చెయ్యి మాత్రం ఆడుతూనే ఉంది. ప్రభుత్వం మోతిస్ అని పెట్టింది. బండిని ఉచితంగా రైల్లో పంపుతారు, మనుషులు రైల్లో వెళ్తారు, ఊళ్ళో దిగాక బండి తీసుకుంటారు. మా పనమ్మాయి కుటుంబానికి నేనే కూర్చుని ఆన్‌లైన్లో నమోదు చేయిస్తాను. సీట్లు తొందరగా అయిపోతాయి, మీ ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకీ చేయించండి.

తణుకు_అమ్మాయి

మూడు వారాలైంది, అందరికీ ఒకేసారి రాస్తున్నాను.

బీట్ కొన్నాం. సిమ్ సి వచ్చింది, ఎస్ ఆకారం మొదటిసారే అయిపోయింది. బాబు వెనకే కూర్చుంటాడు, ముందు నిలబెట్టట్లేదు. కాళ్ళు ఫుట్‌రెస్టుకి అందవు కాబట్టి రెండు పక్కలా బిగించే చిన్న మెట్లు అమ్ముతుంటే పెట్టించాను. నడుముకి కలిపి కట్టే బెల్టు కొన్నాను. హెల్మెట్‌కి మూడు కొట్లు తిరిగాను. టేపు పెట్టి కొలిస్తే తల 50 సెంటీమీటర్లు. బొమ్మలున్నవి చాలా ఉన్నాయి కానీ లోపల స్పాంజి తప్ప ఏమీ లేదు. చివరికి ఎస్‌ఎన్‌ఐ అక్షరాలు పెంకు మీదే అచ్చుపోసినది దొరికింది. ఇక్కడ "క్లిక్ అని వినిపించేదాకా పెట్టుకోండి" అని చెబుతారు కదా, బాబు ఇప్పుడు తన గడ్డం కింద క్లిక్ అనిపించుకుని, నా గడ్డం కిందికి వంగి చూసి, "అమ్మా, నీది?" అంటాడు. అప్పుడే తాళం తిప్పుతున్నాను.

పాపని ఎక్కించట్లేదు. బడికి వెళ్ళొచ్చే ఇరవై నిమిషాలూ ఎదురింటి ఇబు ఒళ్ళో ఉంటుంది. బదులుగా ఆవిడ చిన్న కూతుర్ని మధ్యాహ్నాలు నేను చూస్తున్నాను. ఆ పిల్ల ఇంట్లో ఉంటోంది కాబట్టి ఇబు బండి మీద ఇప్పుడు ఇద్దరు పిల్లలే. నేనేమీ చెప్పలేదు, అలా కుదిరింది. డాక్టరు దగ్గరికి కారే. అత్తగారికి వీడియోలో చూపించాను, "పాప లేదు కదా" అని రెండుసార్లు అడిగి ఊరుకున్నారు.

ఒక్కటి మిగిలింది. నిన్న మూడింటికి వాన పట్టుకుంది, కొట్టు అరుగు మీద నలభై నిమిషాలు నిలబడ్డాం. నాకు చొక్కా ప్యాంటు రెయిన్‌కోటు ఉంది, నాలుగేళ్ళ పిల్లాడి సైజు చికారంగ్‌లో దొరకలేదు. అన్నీ పోంచోలే.

జమ్మికుంట_టు_జకార్తా

మావోనిది ఉన్నది అక్కా, పసుపు రంగుది, ప్యాంటు మోకాలు కాడ కొంచెం చినిగింది గంతే. ఐతారం చికారంగ్ దిక్కు వస్తున్నం, తెస్త.

తణుకు_అమ్మాయి

తీసుకురండి అన్నా. చిరుగు నేను కుట్టుకుంటాను. వదిననీ పిల్లల్నీ తీసుకుని భోజనం వేళకి రండి.